పాత బొమ్మ రైళ్ల సేకరణ: మొదట ఏ పుస్తకం కొనాలి?

కొత్తపట్టా:
అందరికీ నమస్కారం. మా మామయ్య ఏళ్ల తరబడి పోగేసిన బొమ్మ రైళ్లు ఇప్పుడు నా దగ్గరికి వచ్చాయి. ఎక్కువ భాగం అమెరికా కంపెనీ లియొనెల్‌వి, వాటిలో కొన్నింటికి అట్టపెట్టెలు కూడా ఉన్నాయి. ఇవి కాక కీ ఇచ్చే బ్రిటిష్ హార్న్‌బీ ఇంజన్లు రెండు, కరెంటుతో నడిచే చిన్న జర్మన్ మెర్క్‌లిన్ ఇంజన్ ఒకటి. అమ్మే ఆలోచన లేదు. ఏది ఏ ఏడాదిదో, ఏ భాగం ఒరిజినలో, ఏది తర్వాత మార్చిందో తెలుసుకోవాలి. ఆన్‌లైన్‌లో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. అన్నీ ఒకేచోట దొరికే మంచి పుస్తకం ఒకటి చెప్పగలరా?

తగరంరైలు:
అలాంటి పుస్తకం లేదండీ. అన్ని కంపెనీలూ ఒకే అట్టల మధ్య ఉన్న పుస్తకాలు రంగుల ఫొటోలు చూసుకోవడానికి బాగుంటాయి. చేతిలో వస్తువు పెట్టుకుని తెరిస్తే మాత్రం సరిగ్గా మనకు కావలసిన చోట అర పేరాతో సరిపెడతాయి.

ముందు పుస్తకాల రకాలు వేరు చేసుకోండి. ధరల గైడ్ ఒక రకం. గుర్తింపు కోసం రాసిన వేరియేషన్ పుస్తకం, అంటే ఒకే నంబరు వస్తువులో వచ్చిన చిన్న చిన్న తేడాలు చెప్పేది, రెండోది. కంపెనీ పాత కేటలాగుల రీప్రింట్లు మూడోది. రిపేరు మాన్యువల్ నాలుగోది. చరిత్ర పుస్తకాలు చదువుకోవడానికి. కొత్తవాళ్లు దాదాపు అందరూ ధరల గైడ్ కొని, అందులో లేని సమాధానాల కోసం వెతుకుతారు. నంబరు, రెండు ముక్కల వర్ణన, సుమారు ఏళ్లు, రెండు మూడు స్థితులకు ధరలు: అందులో ఉండేది అంతే. ధర అచ్చయ్యేలోపే పాతబడుతుంది. మీకు అమ్మే ఉద్దేశం లేదు కాబట్టి అది చెక్‌లిస్టుగా పనికొస్తుంది. గ్రీన్‌బర్గ్ పాకెట్ ప్రైస్ గైడ్ అలాంటిదే, జేబులో పట్టేస్తుంది.

లియొనెల్ విషయంలో అసలు పని చేసేవి గ్రీన్‌బర్గ్ పెద్ద గైడ్లు. బ్రూస్ గ్రీన్‌బర్గ్ 1970లలో మొదలుపెట్టారు, తర్వాత ఆ ప్రచురణలు కాల్మ్‌బాక్ చేతికి వెళ్లాయి. అయితే అవి ఒక సంపుటం కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందువి వేరు, యుద్ధం తర్వాతవి వేరు. యుద్ధం తర్వాతి 1945-1969 కాలానికే చాలా సంపుటాలున్నాయి: ఇంజన్లు, బోగీలకు ఒకటి, సెట్లకు ఒకటి, కేటలాగులో లేని సెట్లకు మరొకటి, సిగ్నళ్లు, స్టేషన్ల లాంటి యాక్సెసరీలకు ఇంకొకటి. అందుకే ముందు మీ దగ్గరున్నది ఏ కాలానిదో తేల్చండి.

కొత్తపట్టా:
అది తెలియాలంటేనే పుస్తకం కావాలి కదండీ 🙂

తగరంరైలు:
ఆ మాత్రానికి అక్కర్లేదు. బోగీలను ఒకదానికొకటి తగిలించే కొక్కేలు, అంటే కప్లర్లు చూడండి. నిజం రైలుకు ఉన్నట్టు మడిచిన పిడికిలి ఆకారంలో, తెరుచుకుని మూసుకునే కప్లర్ ఉంటే అది దాదాపుగా 1945 తర్వాతిది. రేకుతో చేసిన పెట్టెలాంటిదో, గొళ్లెంలాంటిదో ఉంటే యుద్ధానికి ముందుది అనుకోండి. 1942లో లియొనెల్ బొమ్మల తయారీ ఆపేసి సైన్యానికి పరికరాలు చేసింది. 1945 చివర్లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఈ కొత్త కప్లర్ వచ్చింది. పుస్తకాలన్నీ ఆ గీత దగ్గరే విడిపోయాయి. 1969 దగ్గర ఇంకో గీత ఉంది. అప్పుడు లియొనెల్ రైళ్ల తయారీ హక్కులు జనరల్ మిల్స్‌కు వెళ్లాయి, 1970 నుంచి వచ్చినవాటిని సేకర్తలు వేరే యుగంగా లెక్కిస్తారు.

ఒక జాగ్రత్త. చౌక సెట్లలో బోగీలకు కదలని ప్లాస్టిక్ కప్లర్లు కూడా వాడారు, కాబట్టి తెరుచుకోనంత మాత్రాన పాతది అనుకోవద్దు. ఇక యుద్ధానికి ముందువాటిలో, అడుగున రేకు మీద "లియొనెల్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ" అని ఉంటే 1918కి ముందుది, "లియొనెల్ కార్పొరేషన్" అని ఉంటే ఆ తర్వాతది. పట్టాల మధ్య వెడల్పు 2 1/8 అంగుళాలుంటే అది స్టాండర్డ్ గేజ్. దానికి గ్రీన్‌బర్గ్ ప్రీవార్ మొదటి సంపుటం చూడాలి. అంతకంటే సన్నని పట్టాల "ఓ" గేజ్ (ఇంగ్లిష్ అక్షరం O) రెండో సంపుటంలో ఉంది.

కొత్తపట్టా:
చూశాను. అన్నీ పిడికిలి కప్లర్లే. అంటే యుద్ధం తర్వాతివి. థాంక్స్ అండీ, ఇంత తేలిగ్గా సగం పుస్తకాలు తప్పిపోతాయనుకోలేదు.

స్క్రీన్‌షాట్:
నాకు అర్థం కానిది ఒకటే. ఈ రోజుల్లో పుస్తకాలు ఎందుకు? వేలం సైట్ల పాత రికార్డుల్లో ప్రతి నంబరుకూ పది కోణాల్లో ఫొటోలున్నాయి. గ్రీన్‌బర్గ్ పాత సంపుటాల్లో చాలా ఫొటోలు చిన్నవి, పాత ఎడిషన్లలో చాలావరకు నలుపు తెలుపు. పైగా కొన్ని దొరకనే దొరకవు. జూమ్ చేసి చూసుకునే ఫొటో ముందు ఆ అచ్చు బొమ్మ దేనికి?

పెట్టెలపిచ్చి:
ఫొటో కింద రాసిన వర్ణన ఎక్కడిది బాబూ? అమ్మేవాడు పుస్తకం చూసి రాసింది, లేదా ఇంకో అమ్మేవాడి ప్రకటన చూసి ఎత్తి రాసింది. తప్పు ఒకసారి ఎక్కితే వంద ప్రకటనల్లో అదే తప్పు కనిపిస్తుంది, మనకేమో "వంద మంది చెప్పారు" అనిపిస్తుంది.

తగరంరైలు:
పెట్టెలపిచ్చి గారి మాటకు ఒక ఉదాహరణ. లియొనెల్ 773 హడ్సన్ ఇంజన్. అది 1950లో ఒకసారి వచ్చింది, మళ్లీ 1964 నుంచి వచ్చింది. నంబరు అదే, చూపు కూడా దాదాపు అదే. 1950 దానిలో సిలిండర్ పైనున్న స్టీమ్ చెస్ట్ మీద వాల్వ్ గైడ్ అనే చిన్న ఉబ్బు ఉంటుంది. 1964 దానిలో ఉండదు. ఇంజన్ వెనక తగిలించే బొగ్గు, నీళ్ల బండి, అంటే టెండర్ కూడా మారింది. 1950లో వచ్చింది డైకాస్ట్ టెండర్, అంటే లోహాన్ని అచ్చులో పోసి చేసినది. ఈ సంగతి తెలియనివాళ్లు 1964 ఇంజన్‌కు పాత టెండర్ తగిలించి "1950 సెట్" అని ఫొటో పెడతారు. పది కోణాల్లో జూమ్ చేసి చూసినా ఎక్కడ చూడాలో తెలియకపోతే ఏం లాభం? చూడాల్సిన చోటు చెప్పేది పుస్తకం. చూడటానికి ఫొటోలు వాడుకోండి, నేనూ వాడుతున్నాను.

స్క్రీన్‌షాట్:
సరే, 773 సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఆ వాల్వ్ గైడ్ సంగతి ఇప్పుడు మీరు ఈ చర్చలోనే రాసేశారు కదా. రేపు వెతికేవాడికి పుస్తకం లేకుండానే దొరుకుతుంది.

పెట్టెలపిచ్చి:
వెతికేవాడికి "773లో రెండు కాలాలున్నాయి" అని తెలిస్తేనే వెతుకుతాడు. పుస్తకంలో ఒక నంబరు కింద పేజీ చూస్తే, మనం అడగాలని తెలియని ప్రశ్నకు కూడా సమాధానం కనిపిస్తుంది.

మొసలిఇంజన్:
ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినకుండా వాదించుకుంటున్నారు 😄 నా లెక్కలో మంచి రిఫరెన్స్ పుస్తకం అంటే, రాసినవాడు ఎన్ని ముక్కలు చేతపట్టుకుని చూశాడో, ఏది ఇతరులు చెబితే రాశాడో ఆ తేడా మనకు కనిపించేది. ఆ తేడా చూపించని పుస్తకాన్నీ, వెబ్‌సైట్‌నీ ఒకే గాటన కట్టొచ్చు.

తగరంరైలు:
మొసలి గారు అసలు విషయం పట్టుకున్నారు. గ్రీన్‌బర్గ్ గైడ్లలో చాలా వేరియేషన్లు సేకర్తలు ఉత్తరాలు రాసి చెప్పినవే. అందుకే కొన్నిచోట్ల "దీనికి ధ్రువీకరణ కావాలి" అన్నట్టు అడుగుతారు. పాత ఎడిషన్‌లో కనిపించి తర్వాతి ఎడిషన్‌లో మాయమైన వేరియేషన్ ఉందంటే, బహుశా అది ఎండకు వెలిసిన రంగో, ఎవరో వేసిన పెయింటో అయి ఉంటుంది. నా అలవాటు ఏమిటంటే ఒకే సంపుటం పాత ఎడిషన్, కొత్త ఎడిషన్ రెండూ పక్కపక్కన పెట్టుకుంటాను. పెరిగింది చూస్తాను, తగ్గింది ఇంకా శ్రద్ధగా చూస్తాను.

6464 బాక్స్‌కార్లకైతే ఇది మరీ ముఖ్యం. 1953లో మొదలైన సిరీస్ అది. ఒక్కో రైల్వే పేరుకు డ్యాష్ తర్వాత ఒక్కో నంబరు, వాటిలో మళ్లీ బాడీ రకాలు, తలుపు రకాలు. మొదటి రకం బాడీ పక్కగోడ మీద రివెట్ల నిలువు వరసలు పూర్తిగా ఉంటాయి. అక్షరాలు చక్కగా పడటానికి తర్వాతి అచ్చుల్లో కొన్ని వరసలను మధ్యలో తీసేశారు. తలుపులు కూడా అంతే, మొదట్లో ఒకే పెద్ద పలకలా ఉండేవి, తర్వాత చిన్న పలకలుగా విభజించారు. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు. పుస్తకం పక్కన ఉండాల్సిందే.

ఇంకోటి. బోగీని తిప్పి లోపలి వైపు చూడండి. పైన ఎర్రగా ఉన్న బాడీ లోపల నల్ల ప్లాస్టిక్‌తోనో, బూడిదరంగు ప్లాస్టిక్‌తోనో పోసి ఉండవచ్చు. మంచి గైడ్లు ఆ లోపలి రంగు కూడా రాస్తాయి. పైన రంగు వేసి మోసం చేసేవాళ్లు లోపలి రంగు మార్చలేరు.

రెంచ్‌రాజు:
నా ఓటు సర్వీస్ మాన్యువల్‌కి. సేకర్తలు దీన్ని ఎప్పుడూ చివర్లో చెప్తారు, నాకు అది నచ్చదు. లియొనెల్ తన అధికారిక సర్వీస్ స్టేషన్లకు పంపిన పేజీల్లో ప్రతి ఇంజన్‌ను విడగొట్టి, ప్రతి ముక్కకూ పార్ట్ నంబరు వేసి చూపించింది. కంపెనీ సొంత మనుషుల కోసం రాసుకుంది కాబట్టి అందులో అందం ఉండదు, గొప్పలు ఉండవు. మీ ఇంజన్‌కు ఉన్న హెడ్‌లైట్ బ్రాకెట్ ఆ బొమ్మలోదేనా, చక్రం ఆ రకమేనా అని పోల్చుకోవచ్చు. వేరియేషన్ పుస్తకం చెప్పేది బయటి కథ. మోటార్ మార్చేశారా లేదా అన్నది ఈ పేజీల్లో తేలుతుంది. గ్రీన్‌బర్గ్ వాళ్లు రిపేరు, ఆపరేటింగ్ మాన్యువల్ అని ఒకటి వేశారు, ఇంట్లో పని చేసుకునేవాళ్లకు అది చాలు.

కొత్తపట్టా గారూ, ఇంజన్ దొరికింది కదా అని కరెంట్ పెట్టేయకండి. ముందు వైర్ల ఇన్సులేషన్ చూడండి. పాత ట్రాన్స్‌ఫార్మర్ తీగలు ముట్టుకుంటే పొడిపొడి అయ్యేంత ఎండిపోయి ఉంటాయి. ఇది ఏ ధరల గైడ్‌లోనూ ఉండదు.

కొత్తపట్టా:
అమ్మో, మంచిదయ్యింది చెప్పారు. నిన్నే పెడదామనుకున్నాను.

మరి కంపెనీ కేటలాగుల రీప్రింట్లు కొనవచ్చా? కంపెనీయే చెప్పింది కాబట్టి అంతకంటే నమ్మకమైనది ఏముంటుంది అనిపిస్తోంది.

పెట్టెలపిచ్చి:
అందరూ అలాగే అనుకుంటారు. కేటలాగ్ అంటే అమ్మకం కోసం, ఆ ఏడాది సరుకు పూర్తిగా తయారు కాకముందే వేయించిన బొమ్మలు. ఫొటో కాదు, చాలాసార్లు చిత్రకారుడి పెయింటింగ్. నమూనా చూసి వేశాడు, ఫ్యాక్టరీలో చివరి నిమిషంలో రంగు మారింది. కేటలాగ్‌లో కనిపించి అసలు తయారే కానివి ఉన్నాయి. కేటలాగ్‌లో లేకుండా బయటికి వచ్చినవి అంతకంటే ఎక్కువ. పెద్ద స్టోర్లకు, ప్రచార పథకాలకు లియొనెల్ ప్రత్యేకంగా సెట్లు కట్టి ఇచ్చేది, అవి కేటలాగ్‌లో ఎక్కడా ఉండవు. 1960-1969 కాలపు అలాంటి సెట్ల మీద జాన్ ష్మిడ్ వేరే పుస్తకమే రాశారు. ఆ కాలం సెట్టు మీ దగ్గర ఉంటే అది తప్ప వేరే దారి లేదు.

డీలర్లకు ముందుగా పంపిన అడ్వాన్స్ కేటలాగ్ ఒకటి, పిల్లల చేతికి వెళ్లిన కేటలాగ్ ఒకటి. రెండిట్లో ఒకే ఏడాదికి తేడాలుంటాయి. రీప్రింట్ కొనేటప్పుడు ఏది కొంటున్నారో చూసుకోండి.

అయినా కొనండి. చదువుతుంటే ఆ రోజుల్లో ఏ సెట్టులో ఏవి కలిపి అమ్మారో తెలుస్తుంది. సెట్టు నంబరు వేరు, ఇంజన్ నంబరు వేరు. పెట్టె మీద 2163డబ్ల్యూఎస్ లాంటిది కనిపిస్తే అది సెట్టు నంబరు. డబ్ల్యూ అంటే కూత, ఎస్ అంటే పొగ. ఆ నంబరుతో ఇంజన్ కోసం వెతికితే జన్మలో దొరకదు.

బిన్స్‌రోడ్‌బండి:
లియొనెల్ గురించే మాట్లాడుతున్నారు, హార్న్‌బీ ఇంజన్లు రెండున్నాయి అన్నది ఎవరూ చూడలేదా?

కొత్తపట్టా గారూ, హార్న్‌బీ అంటే ఏ హార్న్‌బీ అని ముందు అడగాలి. నట్టు, బోల్టులతో బిగించే లోహపు ముక్కల బొమ్మలు చేసిన ఫ్రాంక్ హార్న్‌బీ మెకానో కంపెనీ 1920లో లివర్‌పూల్‌లో ఓ గేజ్ రైళ్లు మొదలుపెట్టింది. 1938లో చిన్న సైజు హార్న్‌బీ డబ్లో వచ్చింది. 1964లో మెకానోను, పోటీ బొమ్మ రైళ్ల కంపెనీ ట్రయాంగ్ యజమానులైన లైన్స్ బ్రదర్స్ కొన్నారు. ఆ తర్వాత హార్న్‌బీ పేరు ట్రయాంగ్ రైళ్ల మీదికి ఎక్కింది. 1972 నుంచి వచ్చిన "హార్న్‌బీ రైల్వేస్" వంశం ట్రయాంగ్ వాళ్ల మార్గేట్ ఫ్యాక్టరీది, లివర్‌పూల్‌లోని మెకానో బిన్స్ రోడ్ ఫ్యాక్టరీది కాదు. పేరు చూసి పుస్తకం కొంటే ఒకదాని బదులు ఇంకోటి వస్తుంది.

మీవి కీ ఇచ్చేవి అన్నారు, రేకువైతే ఓ గేజ్ అయి ఉండాలి. దానికి ఒక్కటే పేరు: క్రిస్, జూలీ గ్రేబ్‌ల "ద హార్న్‌బీ గేజ్ జీరో సిస్టమ్". 1985లో వచ్చింది, హార్న్‌బీ కంపానియన్ సిరీస్‌లో భాగం. ప్రతి ఇంజన్, వ్యాగన్, స్టేషన్ ఎప్పుడు వచ్చింది, రంగు ఎప్పుడు మారింది, అక్షరాల సైజు ఎప్పుడు మారింది, అన్నీ క్రమంగా ఉంటాయి. ఒక ఉత్పత్తి శ్రేణి మీద ఇంత శ్రద్ధగా రాసిన పుస్తకం నేను ఇంకోటి చూడలేదు, లియొనెల్‌వాళ్లు కోప్పడినా సరే. డబ్లోకి అదే సిరీస్‌లో మైఖేల్ ఫాస్టర్ రాసినది ఉంది. ట్రయాంగ్‌కు పాట్ హామండ్ మూడు సంపుటాలు.

చిన్న గుర్తు చెప్తాను. తొలి హార్న్‌బీ ఇంజన్లు, వ్యాగన్లు మెకానో ముక్కల్లాగే నట్టు, బోల్టులతో బిగించినవి. తర్వాతివాటిలో రేకు నాలుకలు మడిచి అతికించారు. నట్లు కనిపిస్తే మీ అదృష్టం.

తగరంరైలు:
కోపమేం లేదు. గ్రేబ్‌ల పుస్తకం నా దగ్గరా ఉంది, నేను హార్న్‌బీ సేకరించకపోయినా. పుస్తకం ఎలా కట్టాలో చూడటానికి కొన్నాను.

కొత్తపట్టా:
నట్లు లేవు, మడిచిన రేకే 😞 ఒకదాని మీద ఎల్.ఎం.ఎస్. అని ఉంది. పక్కనే మెకానో పేరుతో ఒక సూచనల కాగితం కూడా దొరికింది.

బిన్స్‌రోడ్‌బండి:
నిరాశ పడకండి, చాలా మంచి ఇంజన్లు మడిచిన రేకువే. ఎల్.ఎం.ఎస్. అంటే 1923లో బ్రిటన్ రైల్వేలను కలిపి చేసిన నాలుగు కంపెనీల్లో ఒకటి, కాబట్టి అది ఆ తర్వాతి రంగు. కాగితం జాగ్రత్త! మెకానో అచ్చు కాగితాల అడుగున చిన్న అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది, అందులో అచ్చైన నెల, ఏడాది దాగుంటాయి. అయితే కాగితం తేదీ ఇంజన్ తేదీ కాదు. రెండూ మొదటి నుంచీ కలిసే ఉన్నాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మొసలిఇంజన్:
ఇక నా వంతు. మెర్క్‌లిన్‌కు కోల్ కేటలాగ్. యోఆహిం కోల్ పేరుతో వచ్చే ధరల పుస్తకం, మెర్క్‌లిన్ చిన్న సైజు రైళ్లకు సేకర్తలంతా వాడేది అదే. పేరుకు ధరల పుస్తకమే కానీ, వేరియేషన్ల వర్ణనలు చాలా లోతుగా ఉంటాయి. కాబట్టి తగరంరైలు గారు మొదట చెప్పిన విభజన ఇక్కడ పనిచేయదు. జర్మన్ రాకపోయినా నంబర్లు, ఏళ్లు, పట్టికలు అర్థమవుతాయి.

కోల్ తెరిచే ముందు ఒకటి తెలియాలి. మెర్క్‌లిన్ చిన్న సైజు రైళ్లు 1935లో వచ్చాయి. మొదట్లో అక్షరాలు, అంకెలు కలిపిన నంబర్లు ఇచ్చేవారు. 1957లో నాలుగు అంకెల నంబర్లకు మారారు. నా పేరులో ఉన్న మొసలి ఇంజన్ (మొసలి మూతిలా పొడవాటి ముందుభాగం ఉన్న స్విస్ ఎలక్ట్రిక్ ఇంజన్ నమూనా) పాత పద్ధతిలో సిసిఎస్ 800, కొత్త పద్ధతిలో 3015. ఇంజన్ ఒకటే వంశం, పుస్తకంలో వేర్వేరు చోట్ల కనిపిస్తుంది. ఒకటి చూసి రెండోది చూడకపోతే సగం కథే తెలుస్తుంది.

మీ ఇంజన్ బాడీ లోహమా, ప్లాస్టిక్కా? అడుగున మధ్యలో పొడవాటి స్లైడర్, అంటే పట్టాల మధ్య నుంచి కరెంట్ అందుకునే పట్టీ ఉందా?

కొత్తపట్టా:
లోహమే, బరువుగా ఉంది. అడుగున మధ్యలో పొడవాటి పట్టీ ఉంది. ఒక పక్క లోహం సన్నగా బీటలు వారింది, పెయింట్ కింద వెంట్రుకంత గీతలు.

రెంచ్‌రాజు:
అది జింక్ పెస్ట్ కావచ్చు. జింక్ పోతలో సీసం లాంటి మలినాలు కలిస్తే ఏళ్లు గడిచాక లోహం లోపలినుంచే ఉబ్బి, బీటలు వారి, చివరికి ముక్కలవుతుంది. యుద్ధానికి ముందు డైకాస్ట్‌లో ఎక్కువ. మెర్క్‌లిన్, హార్న్‌బీ, లియొనెల్, ఎవరికీ మినహాయింపు లేదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు, పక్కన పెట్టిన మిగతావి చెడిపోవు, భయపడకండి. మొదలైతే వెనక్కి తిప్పే మందు లేదు. స్క్రూలు బిగించకండి, నడపకండి.

మొసలిఇంజన్:
స్లైడర్ ఉందంటే అది మెర్క్‌లిన్ మధ్య పట్టా పద్ధతే. ఫొటో పెట్టండి. బీటలు నిజంగా జింక్ పెస్ట్ అయితే అది తొలి సంవత్సరాలది అయ్యే అవకాశం ఉంది, కానీ బీటలు చూసి ఏడాది తేల్చకండి. ఇలాంటప్పుడు కోల్‌లో స్థితికి తగ్గ వర్ణన కంటే, అదే కంపెనీ పాత కేటలాగుల పునర్ముద్రణ ఎక్కువ పనికొస్తుంది. బెకర్, హాస్ కలిసి మెర్క్‌లిన్ పాత కేటలాగులను సంపుటాలుగా తెచ్చారు. వాళ్లే న్యూరంబర్గ్‌లోని మిగతా కంపెనీలకు "ది ఆండెరెన్ న్యూర్న్‌బెర్గర్" అని సంపుటాలు వేశారు. మీకు ఇప్పుడు అవసరం లేదు. ఎవరికైనా పేరు లేని జర్మన్ రేకు రైలు దొరికితే దాన్ని తెరవాలి. ఎక్కడో మూల జిబిఎన్ అని ముద్ర ఉంటే అది న్యూరంబర్గ్ కంపెనీ బింగ్, బిడబ్ల్యూ అని ఉన్నా బింగే, కానీ తర్వాతి కాలం.

స్క్రీన్‌షాట్:
బ్రదర్, బింగ్ ముద్రల పట్టిక మాత్రం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇది నేను గెలిచాను.

పెట్టెలపిచ్చి:
గెలిచావు బాబూ, సంతోషం.

పెట్టెల గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తాను. కొత్తపట్టా గారూ, మీ లియొనెల్ పెట్టెల్లో దేనిమీదైనా ఓ.పి.ఎస్. అనే ముద్ర ఉందా? కొరియా యుద్ధ సమయంలో అమెరికాలో ధరల నియంత్రణ పెట్టినప్పుడు వేసిన ముద్ర అది. ఉంటే పెట్టె 1952 చుట్టుపక్కలది. లియొనెల్ నారింజ, నీలం పెట్టెల మీద కంపెనీ ఊళ్ల పేర్లు ఒక దశలో ఉన్నాయి, తర్వాత తీసేశారు. గ్రీన్‌బర్గ్ సంపుటాల్లో పెట్టెల రకాలకు పేర్లు పెట్టి, ఏళ్లు వేసి రాశారు. ఇది నేర్చుకుంటే, ఇంజన్ ఒక కాలానిది, పెట్టె ఇంకో కాలానిది అయినప్పుడు వెంటనే తెలిసిపోతుంది. మంచి స్థితిలో ఉన్న ఖాళీ పెట్టెకు ఎవరికీ చెందని ఇంజన్ తగిలించడం ఈ సేకరణలో పాత వ్యాపారం.

ఇంకో చిట్కా. చీకట్లో యూవీ లైటు వేసి చూడండి. 1950కి ముందు అట్టల్లో కాగితాన్ని మెరిపించే రసాయనాలు సాధారణంగా ఉండవు. పాత పెట్టె అని చెప్పినది నీలంగా మెరిస్తే అనుమానించండి. పుస్తకంలో చదివింది కాదు, చేతికి అలవాటైనది.

కొత్తపట్టా:
ఉంది! రెండు పెట్టెల మీద ఓ.పి.ఎస్. ముద్ర ఉంది. ఒక పెట్టెలో టర్బైన్ ఇంజన్, ఆ ఇంజన్ పక్క భాగం మీద నంబరు 671 ఆర్ఆర్ అని ఉంది. ఆర్ఆర్ అంటే ఏమిటి?

తగరంరైలు:
ఇది చూడండి, పుస్తకం దేనికో ఇదే జవాబు. 671 టర్బైన్‌కు, చక్రాలను అయస్కాంతంతో పట్టాలకు అతుక్కునేలా చేసే మాగ్నెట్రాక్షన్ చేర్చి 1950లో 681 నంబరుతో తెచ్చారు. కొరియా యుద్ధంతో ఆ అయస్కాంతాల లోహం కొరత వచ్చి, 1952లో మాగ్నెట్రాక్షన్ లేకుండా అదే ఇంజన్‌ను అమ్మారు. ఆ ఏడాది దానికే ఆర్ఆర్ తగిలించారు. ఓ.పి.ఎస్. ముద్ర 1952, ఆర్ఆర్ 1952. పెట్టె, ఇంజన్ కలిసే ఉన్నాయనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. చక్రాల దగ్గర చిన్న ఇనుప మొల పెట్టి చూడండి, లాగకూడదు. లాగితే ఎవరో చక్రాలు, ఇరుసులు మార్చారు.

కొత్తపట్టా:
లాగలేదు! ఇప్పుడు నా చేతులు వణుకుతున్నాయి నిజంగా.

మరి దీన్ని "మంచి స్థితి" అనవచ్చా? పుస్తకాల్లో మంచి, చాలా మంచి, ఎక్సలెంట్ అని వేర్వేరుగా రాశారు అంటున్నారు.

బిన్స్‌రోడ్‌బండి:
ఆ పదాలను మామూలు అర్థంలో తీసుకోకండి. 1954లో పెన్సిల్వేనియాలో ప్రారంభమైన ట్రైన్ కలెక్టర్స్ అసోసియేషన్ ఒక కొలబద్ద పెట్టింది. సి-10 అంటే కొత్తగా కొన్నట్టు, మచ్చలేనిది. సి-5 అంటే గీతలు, చిన్న సొట్టలు, దుమ్ము ఉన్నది, దాన్నే "గుడ్" అంటారు. అమ్మేవాడు "గుడ్" అని రాస్తే మనకు చక్కగా ఉందనిపిస్తుంది, కానీ పుస్తకం భాషలో అది మధ్యస్థం కిందే లెక్క. లియొనెల్ పుస్తకం ధరలన్నీ ఆ కొలబద్ద మీదే. కోల్‌ది వేరు, హార్న్‌బీ ధరల పుస్తకాలది వేరు. ఒక పుస్తకం పదాన్ని ఇంకో పుస్తకం ధరకు అంటగట్టకూడదు. ఆ అసోసియేషన్ సభ్యత్వం తీసుకుంటే పత్రిక కూడా వస్తుంది, పుస్తకాలు పట్టుకోలేని కొత్త వేరియేషన్లు మొదట అక్కడే వస్తాయి.

స్క్రీన్‌షాట్:
మరి ఎప్పుడూ చెప్పుకునే ఆ గులాబీ రైలు కథ? 1957లో ఆడపిల్లల కోసం పాస్టెల్ రంగుల్లో సెట్టు, అమ్ముడుపోక దుకాణాలవాళ్లు నల్లరంగు వేసి అమ్మేశారని. ఇది ఏ పుస్తకంలో ఉంది?

తగరంరైలు:
సెట్టు నిజం, 1957 నిజం, బాగా అమ్ముడుపోకపోవడం నిజం. నల్లరంగు కథ ఒకరి నుంచి ఒకరు చెప్పుకుంటూ పోయినది. అలాంటి కథలు బొమ్మ రైళ్ల చరిత్ర రాసిన లూయిస్ హెర్ట్జ్ 1940లలో మొదలుపెట్టిన కాలం నుంచీ ఈ పుస్తకాల్లో ఉన్నాయి. ఆయన్ని చదవండి, చాలా బాగా రాస్తారు, కానీ గుర్తింపు కోసం కాదు. ఇక గులాబీ సెట్టు విషయంలో అసలు గొడవ ఏమిటంటే, మామూలు బోగీలకు పాస్టెల్ రంగు వేసి అమ్మినవి బోలెడు, తర్వాత కాలంలో కంపెనీయే మళ్లీ తయారుచేసినవి వేరు. అందుకే ఆ సెట్టుకు పుస్తకంలో పెయింట్ కింద ప్లాస్టిక్ రంగు, అక్షరాల ముద్ర, అన్నీ చూడాలి.

పుస్తకం రంగు గురించి కూడా ఒక మాట. అచ్చులో ఎరుపు, మెరూన్ ఒకలాగే వస్తాయి. ఫొటో చూసి షేడ్ తేల్చవద్దు, రాతలో ఉన్న వర్ణన నమ్మండి. సందేహం ఉంటే అదే బ్యాచ్ బోగీ పక్కన పెట్టి పోల్చండి.

కొత్తపట్టా:
ఇంతవరకు రాసుకున్నది ఇది, సరిచూడండి. లియొనెల్‌కు యుద్ధం తర్వాతి గ్రీన్‌బర్గ్ మొదటి సంపుటం, సెట్ల సంపుటం. హార్న్‌బీకి గ్రేబ్. మెర్క్‌లిన్‌కు కోల్. సర్వీస్ మాన్యువల్. మరి డేవిడ్ డాయిల్ "స్టాండర్డ్ కేటలాగ్ ఆఫ్ లియొనెల్ ట్రైన్స్ 1945-1969" కూడా కనిపించింది, అది గ్రీన్‌బర్గ్ బదులు సరిపోతుందా?

పెట్టెలపిచ్చి:
డాయిల్ పుస్తకంలో రంగు ఫొటోలు చాలా బాగుంటాయి, ఒకే సంపుటంలో దాదాపు అన్నీ ఉంటాయి. గుర్తుపట్టడానికి మొదట అది తెరవండి, లోతుగా తేల్చుకోవడానికి గ్రీన్‌బర్గ్. నాకు ఒక్కటే కొనే వీలుంటే, మీ సేకరణ చిన్నది కాబట్టి, డాయిల్‌తో మొదలుపెట్టమంటాను. తగరంరైలు గారు ఒప్పుకోరు, తెలుసు.

తగరంరైలు:
ఒప్పుకోను. కొత్తపట్టా గారి దగ్గర 671 ఆర్ఆర్ పెట్టెతో సహా ఉంది. సెట్ల సంపుటం ముందు. మిగతాది మీ ఇష్టం.

పాతవి కొంటే ఎవరో పెన్సిల్‌తో రాసుకున్న గమనికలు ఉన్న ప్రతిని వదిలేయకండి. "ఇది చూశాను, తలుపు వేరు" లాంటి రాతలుంటాయి. నా దగ్గరున్న మొదటి సంపుటంలో అచ్చు కంటే ఆ అంచు రాతలే ఎక్కువ వాడాను.

మొసలిఇంజన్:
కోల్ కొనేటప్పుడు ఏడాది చూసి కొనండి. వేరియేషన్ వర్ణనల కోసమైతే పాత ఏడాది కూడా చాలు. ఫొటో పెట్టారా?

కొత్తపట్టా:
పెట్టాను, కింద ఉంది. అడుగు వైపు కూడా తీశాను.

మొసలిఇంజన్:
చూశాను. బీటలు చిమ్నీ వైపు నుంచి కిందికి ఉన్నాయి, రెంచ్‌రాజు అన్నదే. కానీ స్లైడర్ బిగించిన తీరు చూస్తే యుద్ధానికి ముందుది అనుకోలేను. అడుగున ఉన్న నంబరు స్పష్టంగా పడలేదు, కాస్త పక్క నుంచి లైటు వేసి మళ్లీ తీయండి. అక్షరాలు ఉన్నాయా, అంకెలే ఉన్నాయా అని తెలిస్తే కోల్‌లో ఏ పేజీ తెరవాలో చెప్తాను.

రెంచ్‌రాజు:
671 ఆర్ఆర్‌ను నడపాలంటే ముందు టెండర్‌లో కూత మోటారు విప్పి నూనె వేయాలి. ఆ సర్వీస్ పేజీ నా దగ్గరుంది, రాత్రికి ఫొటో తీసి పెడతాను. నల్ల వైరు, ఎర్ర వైరు తారుమారు చేయకండి.